అరవై ఎనిమిది రోజులు: బొటిక్ డబ్బుతో గుంటూరులో ఇల్లు కొన్న నా అనుభవం

ఆషాఢం వచ్చింది. మా బొటిక్‌లో ఎంబ్రాయిడరీ మగ్గాల మీద ఒక్క ఫ్రేమే ఉంది, అదీ శ్రావణంలో పెళ్లికి. మా కటింగ్ మాస్టారు మధ్యాహ్నం రెండింటికే ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఏడాది మొత్తంలో నాకు తీరిక దొరికేది ఈ ఒక్క నెలే. అందుకే జనవరిలో జరిగినదంతా మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. నాలాగా షాపు నడుపుకుంటూ మొదటిసారి ఇల్లో షాపో కొనబోయేవాళ్లకు ఏ రోజు ఏం జరుగుతుందో తెలుస్తుందని.

నాకు 29 ఏళ్లు. ఇంజనీరింగ్ అయ్యాక ఆరు నెలలు అమీర్‌పేటలో కోర్సు చేసి, ఉద్యోగం రాక గుంటూరు తిరిగొచ్చాను. అమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్, పీకో వేసేది. ఆ మెషీన్ పక్కనే 2019లో ఒక మగ్గం ఫ్రేమ్ వేశాం. పొద్దున ఐదున్నర బస్సుకు బెజవాడ వెళ్లి అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలో లైనింగులు, పట్టు బ్లౌజు పీసులు, పూసలు కొనుక్కొని మధ్యాహ్నానికల్లా వచ్చేసేదాన్ని. 2021 ఆగస్టులో బ్రాడీపేటలో చిన్న షాపు అద్దెకు తీసుకున్నాను. మగ్గం పని చేసే ఇద్దరు బెంగాలీ కారిగర్లు, ఒక కటింగ్ మాస్టారు, ఇద్దరు హెల్పర్లు. సాదా మగ్గం వర్కు మూడున్నర వేల నుంచి, పెళ్లి బ్లౌజులైతే పది, పన్నెండు, ఒక్కోసారి పద్నాలుగు వేల దాకా. కెరీర్ సంగతి ఇంతే. అసలు కథ అద్దె దగ్గర మొదలైంది.

2024 నవంబరు మొదటివారంలో మా ఆడిటర్ ఫోన్ చేసి, "అమ్మా, అక్టోబరు 10 నుంచి నీ షాపు అద్దె మీద జీఎస్టీ నువ్వే కట్టాలి" అన్నాడు. మా ఓనరుకు జీఎస్టీ నంబరే లేదు. ఇంతకుముందు అది లేకపోతే గొడవే లేదు. ఇప్పుడు ఓనరుకు లేకపోయినా, అద్దెకున్న వ్యాపారికి ఉంటే ఆ వ్యాపారే 18 శాతం కట్టాలట. 22 వేల అద్దెకు నెలకు 3,960. తర్వాత నేను కట్టే జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చు (క్రెడిట్ అంటారు) కానీ ముందు చేతినుంచి నగదే కట్టాలి. ఆ టెన్షన్‌లో ఉండగానే ఓనరుగారు వచ్చి, "పాత బిల్డింగు పడగొట్టి కడుతున్నామమ్మా, ఫిబ్రవరి ఆఖరుకు ఖాళీ చెయ్యి" అన్నారు. మాది పదకొండు నెలల అగ్రిమెంటు. మాట్లాడటానికి ఏమీ లేదు.

వేరే షాపు కోసం తిరుగుతుంటే అడ్వాన్సే మూడు లక్షలు అడుగుతున్నారు. "అద్దెకు అంత పెట్టేబదులు కొనెయ్యరాదూ?" అని మొదట అన్నది నాన్న. ఆయన ఊరికే అన్నారు. నేను సీరియస్‌గా తీసుకున్నాను.

నవంబరు 24, ఆదివారం. శ్యామలానగర్‌లో వంద గజాల్లో కింద, పైన ఉన్న పాత ఇల్లు. బ్రోకరు చూపించాడు. కింద రెండు గదులు కలిపితే షాపు, వెనక వరండాలో మగ్గాలు. పైన ఒక కుటుంబం తొమ్మిది వేలకు అద్దెకు ఉంది. అమ్మేవాళ్లు ముగ్గురు, ఒక అన్న, ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఇల్లు వాళ్లమ్మగారిది, ఆమె 1981లో కొన్నారు. వీలునామా లేకుండా పోయారు. గోడలు చెమ్మెక్కి ఉన్నాయి కానీ వీధి వెడల్పు, వెలుతురు చూస్తే నాకు బాగా నచ్చింది. పగటి వెలుతురులో దారం రంగు చూడటం మా పనిలో ఎంత ముఖ్యమో చెప్పలేను. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో వేరేగా కనబడుతుంది.

ధర 66 లక్షల 50 వేలకు కుదిరింది. అక్కడే మొదటి పేచీ. వాళ్ల అన్న, పెద్దాయన, "డాక్యుమెంట్లో గవర్నమెంటు విలువ 48 వేద్దాం, మిగతాది క్యాష్" అన్నాడు. నా దగ్గర అంత క్యాష్ ఎక్కడిది? పైగా బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీద ఉన్న ధర చూసి. మొత్తం వైట్‌లోనే అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి "అలాగైతే మాకు టాక్సు పడుతుంది, లక్షన్నర పెంచండి" అన్నారు. 68 లక్షలకు ఖాయమైంది. అంటే నిజం రాసినందుకు లక్షన్నర, దాని మీద రిజిస్ట్రేషన్‌కు ఇంకో లక్షన్నర. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి ఏడున్నర శాతం. 48 మీద అయితే 3.60 లక్షలు, 68 మీద 5.10 లక్షలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నేను చేసింది కరెక్టే.

డిసెంబరు 6న లక్ష టోకెన్. 11న బయానా అగ్రిమెంటు రాసుకొని ఇంకో ఐదు లక్షలు ఇచ్చాను. గడువు ఫిబ్రవరి 10. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు.

డిసెంబరు 13న బ్యాంకుకు వెళ్లాను. మొదటి ప్రశ్న, "నాన్నగారు రాలేదా?" రెండో ప్రశ్న, "పెళ్లయ్యిందా?" మూడోది ఆదాయం. మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగారు. మొదటి ఏడాది నేను లాభం బాగా తక్కువ చూపించి, టాక్స్ మిగిలిందని తెగ సంబరపడ్డాను. ఆ కాగితాన్ని ఆఫీసరు బల్ల మీద పెట్టి పెన్నుతో గుండ్రంగా చుట్టాడు. ఆ ఏడాది మిగిల్చుకున్నది పదకొండు వేలు. దానివల్ల లోన్ 45 నుంచి 38 లక్షలకు పడిపోయింది.

తర్వాత ఇంకోటి. "కింద షాపు పెడతారా?" అని అడిగితే అవునన్నాను. అయితే ఇది హౌసింగ్ లోన్ కాదట. వడ్డీ పదిన్నర శాతం, పదిహేనేళ్లు, ఈఎంఐ 42 వేలు. షాపు మాట చెప్పకుండా ఉండాల్సింది అని తర్వాత చాలామంది నాకు చెప్పారు. రేపు వాళ్లు వచ్చి బోర్డు చూడరా? లోన్‌తోపాటు అరవై వేల ఇన్సూరెన్సు కూడా తప్పనిసరి అన్నారు. "తప్పనిసరి అని కాగితం మీద రాసివ్వండి" అన్నాను. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

లీగల్ ఒపీనియన్‌కు 6 వేలు, విలువ కట్టే ఇంజనీరుకు నాలుగున్నర వేలు. లాయరుగారు ఈసీ అడిగారు, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. ఆన్‌లైన్‌లో నిమిషాల్లో వస్తుందిలే అనుకున్నాను. వచ్చింది, కానీ 1983 నుంచే. ఆ ముందువి కంప్యూటర్‌లో ఉండవు, ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేసి చేత్తో రాసివ్వాలి. అమ్మగారు కొన్నది 1981లో కదా, ఆ రెండేళ్ల కోసం తొమ్మిది రోజులు పట్టింది. వారసులెవరో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వాళ్లు ముందే తీసిపెట్టుకోవడం నా అదృష్టం.

జనవరి 8న ఆడిటర్ మళ్లీ ఫోన్. ఈయన ఫోన్ చేశాడంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆస్తి ధర 50 లక్షలు దాటితే కొనేవాళ్లు అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) పట్టుకొని కట్టాలి. ముగ్గురు అమ్ముతున్నారు, ఒక్కొక్కరికి ఇరవై రెండు లక్షల పైచిలుకే కదా, మనకు రాదు కదా అన్నాను. 2024 అక్టోబరు నుంచి అలా కుదరదట, మొత్తం ధరే చూస్తారు. సరే, 68 వేలు వాళ్లకిచ్చే డబ్బులోంచే కదా అనుకున్నాను. అసలు బాంబు అది కాదు. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ పాన్, ఆధార్‌తో లింకు కాలేదు. అలాంటి పాన్ ఉంటే ఒక శాతం కాదు, ఇరవై శాతం పట్టాలి. ఆవిడ వాటా మీద నాలుగున్నర లక్షలు! పట్టకపోతే ఆ డబ్బు నన్ను అడుగుతారు. ఆవిడ హైదరాబాద్‌లో ఉంటారు. "ఆంటీ, వెయ్యి రూపాయలు ఫీజు కట్టి లింకు చేయించండి" అని బతిమాలితే, "ఎవరైనా మోసమేమో అమ్మా, ఫోన్లలో ఇలాగే అడుగుతున్నారంట" అన్నారు. చివరికి వాళ్ల మనవడితో మాట్లాడి చేయించాను. పాన్ సరవ్వడానికి పది రోజులు. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బయానా ఇవ్వకముందే అమ్మేవాళ్ల పాన్ లింకు అయ్యిందో లేదో చూసుకోండి.

జనవరి 17న లోన్ శాంక్షన్ అయ్యింది. ఈలోగా ఊరంతా ఒకటే మాట, ఫిబ్రవరి 1 నుంచి భూముల విలువలు పెరుగుతున్నాయి, రిజిస్ట్రేషన్లు ఈ నెలలోనే చేయించుకోవాలి. బ్రోకరు రోజుకు రెండుసార్లు ఫోన్. "ఒకటో తారీఖు దాటితే మీకే లక్ష ఎక్స్‌ట్రా అమ్మా" అని. పెద్దాయన కూడా అదే పాట. సరే రేపే చేద్దాం అంటే, "పుష్యమాసంలో ఇల్లు రాసివ్వం" అన్నారు. ముగ్గురూ ఒకటే మాట. జనవరి 29 అమావాస్యతో పుష్యం అయిపోతుంది. 30 గురువారం మాఘశుద్ధ పాడ్యమి. అంటే మిగిలింది 30, 31. రెండే రోజులు.

మాఘం అంటే మాకేంటో వేరే చెప్పాలా? పుష్యంలో ఆగిన పెళ్లిళ్లన్నీ మాఘంలో విరుచుకుపడతాయి. సంక్రాంతి అయిన దగ్గర్నుంచి షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. కారిగర్లు రాత్రి పదకొండు దాకా మగ్గం మీదే. వాటిలో ఏడు బ్లౌజుల ఆర్డరు ఒకటుంది, ఒకే పెళ్లికూతురివి. 30న ట్రయల్, 31 సాయంత్రం డెలివరీ.

డబ్బు సర్దింది ఇలా. నా పొదుపు 17 లక్షలు, బయానాతో కలిపి. పది లక్షల చీటీ పాడి ఎనిమిది ఎత్తాను, రెండు లక్షలు పోయినట్టే. అమ్మ గొలుసు, గాజులు కుదువపెడితే ఐదున్నర. నాన్న పీఎఫ్‌లోంచి ఆరు. అమ్మ గాజులు తీసేటప్పుడు సబ్బు రాసుకొని లాగింది. "ఇరవై ఏళ్లయ్యింది తీసి" అని నవ్వింది. నేను మాత్రం ఆ బంగారం షాపులో తలెత్తి చూడలేకపోయాను. ఇలా సర్దిన డబ్బులో చేతిలో మిగిలింది లేదు. 68లో లోన్ పోను 30, రిజిస్ట్రేషన్ 5.10, బ్రోకరుకు 68 వేలు, లీగల్, ప్రాసెసింగ్ ఫీజులు, బ్యాంకు కాగితాలు తాకట్టు పెట్టుకుంటూ చేయించే మెమొరాండం రిజిస్ట్రేషన్‌కు ఇరవై రెండు వేల పైచిలుకు. ఈ చివరిది నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

జనవరి 30. పదింటికల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాం. గేటు బయట దాకా జనం. చెట్టు కింద, అరుగుల మీద, కార్లలో. టిఫిన్ బండివాడికి పదకొండింటికే ఇడ్లీ అయిపోయింది. మా టోకెన్ 61. బ్యాంకు ఆఫీసరు అమ్మేవాళ్లకివ్వాల్సిన డీడీలు (డిమాండ్ డ్రాఫ్టులు) సంచిలో పెట్టుకొని నా పక్కనే కూర్చున్నాడు, సంచి ఒళ్లోంచి దించలేదు. మధ్యాహ్నం సర్వర్ ఆగింది. వచ్చింది. మళ్లీ ఆగింది. సాయంత్రం ఆరింటికి 38 దగ్గర ఉన్నారు. రేపు రమ్మన్నారు. హైదరాబాద్ ఆంటీ ఆ రాత్రి వాళ్ల అన్నగారింట్లో ఉండిపోయారు.

ఆ రోజు షాపు నుంచి తొమ్మిది ఫోన్లు. పెళ్లికూతురు ట్రయల్‌కు వచ్చి గంటన్నర చూసి వెళ్లిపోయింది. మాస్టారు, "నేను చూసుకుంటాలే అమ్మా, కొలతకిచ్చిన ఆది జాకెట్టు ఉందిగా" అన్నాడు. నేను సరేనన్నాను.

జనవరి 31. ఎనిమిదిన్నరకే వెళ్లాం. ఈసారి పెరుగన్నం డబ్బా, నీళ్లు, ఫోన్ ఛార్జరు తీసుకెళ్లాను. నాలుగింటి ప్రాంతంలో డాక్యుమెంట్ రైటర్ బల్ల దగ్గర ఊరికే కూర్చొని, "ఇవాళ కాకపోతే లక్ష పోతుంది కదండీ" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. అరవై దాటిన మనిషి.

"నీకెందుకు పోతుందమ్మాయ్?"

"విలువలు పెరుగుతున్నాయిగా."

"నువ్వు రాసింది 68. పాత విలువ 48. కొత్తది ఎంత లెక్కేసినా 58 దాటదు. డ్యూటీ ఏది ఎక్కువైతే దాని మీద కడతావు. నీది ఎప్పుడైనా 68 మీదే. ఇవాళైనా, వచ్చే వారమైనా ఐదు లక్షల పదివేలే."

చలానా కాపీ వెనక ఆయనే లెక్క వేసి చూపించాడు. "ఈ తొక్కిసలాట గవర్నమెంటు విలువకే రాసుకునేవాళ్లది. నువ్వెందుకొచ్చావు ఇందులోకి?"

నాకు నోట మాట రాలేదు. రెండు నెలల ముందు లక్షన్నర ఎక్కువ ఇచ్చి మొత్తం వైట్ రాయించింది నేనే. డాక్యుమెంట్లో ఏముందో అందరికన్నా బాగా తెలిసింది నాకే. అయినా పదిహేను రోజులుగా బ్రోకరు చెప్పిన లక్షను తలచుకొని పరిగెత్తాను. బయానా గడువు ఫిబ్రవరి 10. మూడో తారీఖు సోమవారం తీరిగ్గా వచ్చి ఉంటే ఈ జనం ఎవరూ ఉండేవాళ్లు కాదు. బ్రోకరుకు తెలియదా అంటే తెలిసే ఉంటుంది. అతని కమీషన్ రిజిస్ట్రేషన్ రోజున వస్తుంది మరి. అతన్ని అని లాభం లేదు, ఒక్క గుణకారం చేసుకుంటే సరిపోయేది. బ్లౌజు పీసు మీద అర మీటరు తేడా వస్తే వస్త్రలతలో గంట బేరమాడే దాన్ని.

అప్పటికి వెనక్కి వెళ్లే వీలు లేదు. ఆంటీని మళ్లీ హైదరాబాద్ నుంచి రమ్మనలేను. సాయంత్రం ఏడున్నరకు మా టోకెన్ పిలిచారు. ఫోటోలు, ఆధార్, వేలిముద్రలు. ఆంటీ వేలిముద్ర పడలేదు. చేయి కడిగించారు, తుడిచారు, ఇంకో వేలు పెట్టించారు. వెనకనుంచి ఎవరో "నుదుటి మీద రాయండి, జిడ్డుకు పడుతుంది" అన్నారు. ఆరోసారికి పడింది. ఆ మిషన్ చప్పుడుకు లోపలున్నవాళ్లందరూ హమ్మయ్య అన్నారు, మాకు తెలియనివాళ్లు కూడా. డీడీలు చేతులు మారాయి. పెద్దాయన తాళంచెవులు నా చేతిలో పెడుతూ, "పంపు దగ్గర టైలు ఊడుతుంది, జాగ్రత్త" అన్నాడు. ఏడ్చేస్తారేమో అనిపించి నేను ముఖం తిప్పుకున్నాను. వాళ్లమ్మ ఇల్లు కదా.

తొమ్మిదింటికి షాపుకు వచ్చేసరికి పెళ్లికూతురి తల్లి కుర్చీలో కూర్చొని ఉంది. మిగతా ఆరు బాగానే వచ్చాయి. ముహూర్తం చీర బ్లౌజే తేడా. ఆ అమ్మాయి నిశ్చితార్థం తర్వాత సన్నబడి డిసెంబరులో కొత్త ఆది జాకెట్టు తెచ్చి నా చేతికే ఇచ్చింది. నేను దాన్ని డ్రాయర్లో పెట్టి, మాస్టారికి చెప్పడం మర్చిపోయాను. ఆయన పాత ఆదితో కత్తిరించాడు. మామూలు జాకెట్టయితే పక్కల లోపలికి పట్టేస్తే పది నిమిషాల పని. ఇది జర్దోసీ, జరీ తీగతో చేసే ఎంబ్రాయిడరీ. పని కుట్టు దాకా ఉంది, లోపలికి పడితే డిజైన్ తెగిపోతుంది. ట్రయల్ రోజు నేనుంటే పక్క కుట్లు వేయకముందే తెలిసిపోయేది. పద్నాలుగు వేలూ తిరిగిచ్చాను. ఆవిడ తిట్టలేదు. "నీ మీద నమ్మకంతో వచ్చామమ్మా" అని డబ్బు లెక్కపెట్టుకోకుండా పర్సులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. రెండో అమ్మాయి పెళ్లి మే నెలలో అయ్యిందని తెలిసింది. మా దగ్గరకు రాలేదు.

తర్వాతివి త్వరగా చెబుతాను. ఫిబ్రవరి 6న టీడీఎస్ కట్టాను, ముగ్గురికీ వేర్వేరుగా మూడు ఫారాలు. నెలాఖరు నుంచి ముప్పై రోజుల గడువు ఉంటుంది కానీ ఇంక గడువుల మీద నాకు నమ్మకం పోయింది. చెమ్మ గోడలు, వైరింగు, షట్టరు కలిపి నాలుగు లక్షలు అనుకున్నది ఏడు దాటింది. ఆ మూడు లక్షలు సప్లయర్లకు ఆపి సర్దాను. ఫిబ్రవరి 27న పాత షాపు ఖాళీ చేశాం. మగ్గం ఫ్రేములు ఆటో మీద అడ్డంగా కట్టి, వెనక కారిగర్లు పట్టుకొని నడిచారు. కరెంటు మీటరు ఇంకా పోయిన అమ్మగారి పేరు మీదే ఉండేది. పేరు మార్చి, ఇంటి కేటగిరీ నుంచి కమర్షియల్‌కు మార్చడానికి ఏప్రిల్ దాకా పట్టింది. మార్చిలో మొదటి ఈఎంఐ పోయిన రోజు అకౌంట్లో 3,140 రూపాయలు మిగిలాయి.

లెక్క చెప్పాలంటే, ఈఎంఐ 42 వేలు, పైన అద్దె 11 వేలకు పెంచాను, మిగతా 31 నా చేతినుంచి. పాత అద్దె కన్నా తొమ్మిది వేలు ఎక్కువ. అమ్మ గాజులు ఇంకా విడిపించలేదు, శ్రావణం ఆర్డర్లు వస్తే అవే ముందు. ఆది జాకెట్లకు ఇప్పుడు గుడ్డసంచులు కుట్టించాను. పేరు, తేదీ రాసిన చీటీ పైన కుట్టి ఉంటుంది, కొత్తది వస్తే పాతది అప్పుడే తిరిగిచ్చేస్తున్నాం.

ఇది రాస్తుంటే పైనుంచి వాళ్ల చిన్నబాబు మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు, "ఓనరాంటీ, ట్యాంకు నిండి పొర్లిపోతోంది!" మోటరు ఆపడం మళ్లీ మర్చిపోయాను.